మొదటి ముప్పై పేజీలు

ఫాంటసీ నవలలో మొదటి ముప్పై పేజీలు ఎవరికీ పూర్తిగా అర్థం కావు. ఊరి పేరు కొత్త, నది పేరు కొత్త, రాజవంశం కొత్త. ఇద్దరు ముసలివాళ్ళు మంట దగ్గర కూర్చుని "ఆ మూడో యుద్ధం తర్వాత ఇటు ఎవరూ రాలేదు" అని మాట్లాడుకుంటారు. ఏ యుద్ధమో మనకు తెలీదు, వాళ్ళు చెప్పరు. చాలామంది పుస్తకం మూసేసేది సరిగ్గా ఇక్కడే. "పేర్లు నోరు తిరగట్లేదు, బుర్రకెక్కట్లేదు" అంటారు. వాళ్ళని నేను తప్పు పట్టను. కానీ పన్నెండేళ్ళప్పుడు చేతికొచ్చిన మొదటి ఫాంటసీ నవలని నేను మూయలేదు. తెలియని పేర్లన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, ఒక్కోదాని పక్కన ఒక్కో ప్రశ్నార్థకం పెట్టుకుని ముందుకు వెళ్ళాను. నలభయ్యో పేజీకి రెండు ప్రశ్నార్థకాలు కొట్టేశాను. నూరో పేజీకి ఆ నది ఎటు పారుతుందో, దాన్ని దాటాలంటే జనం ఎందుకు జంకుతారో ఎవరూ విడమరిచి చెప్పకుండానే తెలిసిపోయింది. ఆ సాయంత్రం కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. పూర్తిగా పరాయిదైన ఒక చోటు, నేను చూస్తూ ఉండగానే, మెల్లగా తెలిసిన చోటైపోయింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫాంటసీ నాకు ధైర్యం నేర్పలేదు. ఊహాశక్తి పెంచిందో లేదో కొలిచి చెప్పలేను. అర్థం కాని చోట కంగారు పడకుండా నిలబడటం మాత్రం నేర్పింది. ఇంకా తెలుసుకోలేదు, తెలుసుకుంటాను, అంతే అని మనసుకు చెప్పుకోవడం నేర్పింది. ప్రయాణానికి కావాల్సిన మొదటి విద్య ఇదేనని నా నమ్మకం. కాలికి బలపం కట్టుకుని తిరగాలన్న కోరిక నాలో పుట్టింది ఆ పుస్తకాల వల్లే. తిరగడం కొంతైనా చేతనైంది కూడా వాటి వల్లే.

"ఈ పుస్తకాల్లో పడి లోకాన్ని మర్చిపోతున్నావే" అని మా పెద్దమ్మ అనేది. ప్రేమతోనే అనేది. లోకంలో చూడాల్సినవి ఇన్ని ఉండగా లేని రాజ్యాల్లో తిరగడమేమిటని ఆమె బాధ. ఈ మాట చాలామంది చదువరులు వినే ఉంటారు. చాలా పాత నింద ఇది. 1939 మార్చిలో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో ఆంగ్ల ఫాంటసీ రచయిత టోల్కీన్ అద్భుత కథల మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. తర్వాత దాన్ని వ్యాసంగా పెంచి అచ్చు వేసినప్పుడు అందులో ఈ నిందకు జవాబు చెప్పాడు. జైల్లో ఉన్నవాడు బయటపడి ఇంటికి పోవాలనుకుంటే దాన్ని తప్పని ఎలా అంటారు, ఖైదీ తప్పించుకోవడాన్నీ సిపాయి యుద్ధం వదిలి పారిపోవడాన్నీ ఒకే గాటన కడతారెందుకు అని ఆయన వాదన.

ఆ జవాబు నాకు ఇష్టం. కానీ నాకది చాలదు. ఎందుకంటే పుస్తకం బయటికి పోయే తలుపు అని అది కూడా ఒప్పేసుకుంటోంది. నాకు ఆ తలుపు లోపలికి తెరుచుకుంది. టోల్కీన్ సొంత జీవితంలోనే దీనికి ఇంకా మంచి జవాబు ఉంది.

1911 వేసవిలో, పందొమ్మిదేళ్ళ వయసులో, ఆయన పదిమందికి పైగా ఉన్న ఒక బృందంతో స్విట్జర్లండ్ వెళ్ళాడు. వీపున బరువైన సంచులు వేసుకుని చాలా దూరం నడిచే తిరిగారు. ఇంటర్లాకెన్ నుంచి లౌటర్‌బ్రూనెన్ లోయలోకి వెళ్ళారు. అది రెండు వైపులా నిలువు గోడల్లాంటి కొండలూ, వాటి మీద నుంచి దూకే జలపాతాలూ ఉన్న లోయ. అలెచ్ హిమానీనదం దగ్గర ఎండకు మంచు కరిగి బండలు దొర్లాయి. ఒక పెద్ద రాయి ఆయనకు తగలకుండా కొద్దిలో తప్పిపోయింది. యాభై ఏళ్ళకు పైగా గడిచాక కొడుక్కి రాసిన ఉత్తరంలో ఇదంతా గుర్తు చేసుకున్నాడు. 1937లో వచ్చిన తన నవల 'ది హాబిట్'లో కొండలు దాటే ప్రయాణం, జారే రాళ్ళ మీదుగా పైన్ అడవిలోకి దొర్లిపడటం, ఇవన్నీ ఆ 1911 నాటి అనుభవాల నుంచే వచ్చాయని చెప్పాడు.

అంటే ముందు కాళ్ళు నడిచాయి. కథ తర్వాత పుట్టింది. నేను మంచం మీద పడుకుని లేని కొండల్లో తిరుగుతున్నానని మా పెద్దమ్మ దిగులు పడిన రోజుల్లో, నిజానికి ఎవరో ఒక కుర్రాడు నిజమైన కొండల్లో నడిచి, భయపడి, దాచుకున్న అనుభవంలో నేను నడుస్తున్నాను. తర్వాతి నవల 'ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్'కి ఆయన ముందు మ్యాపు గీసుకుని కథని దానికి సరిపోయేలా రాశాడు. రాస్తూ రాస్తూ చంద్రుడు ఆకాశంలో ఉండకూడని రోజున ఉన్నాడని గమనించి మళ్ళీ తేదీలు సరిచేసుకున్నాడు. ఈ చంద్రుడి విషయం చదివినప్పుడు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. లేని లోకంలో కూడా అమావాస్య అమావాస్య రోజునే రావాలనుకున్న మనిషి లోకం నుంచి పారిపోతున్నాడని ఎలా అంటాం?

మన భాషలో దీనికి ఇంతకంటే చక్కటి ఉదాహరణ ఉంది. తెలుగులో రెండు కాశీయాత్రలున్నాయి. ఒకటి ఏనుగుల వీరాస్వామయ్యది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న బయల్దేరి, పెద్ద పరివారంతో కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. పదిహేను నెలలకు పైగా దారిలోనే. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని జనం అనుకున్న కాలం. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, ఏ ఏరు ఎలా దాటాలి, ఎక్కడ బస దొరుకుతుంది అన్నీ ఆయన రోజువారీగా రాశాడు. 1838లో అది పుస్తకంగా అచ్చయింది. రెండోది మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథలు. పన్నెండు సంపుటాలు. ఇందులోనూ కాశీకే ప్రయాణం. మణిసిద్ధుడనే ఆయనకి కాశీ వెళ్ళాలని కోరిక, తోడు వచ్చేవాళ్ళు లేరు. చివరికి పశువులు కాసుకునే ఒక కుర్రాడు ఒప్పుకుంటాడు, ఒక షరతు మీద. దారిలో తను అడిగిన కథలు చెప్పాలి. చెప్పకపోతే వెనక్కి వచ్చేస్తాడు.

ఈ షరతు గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. ప్రతి మజిలీలో ఆ కుర్రాడు ఏం చేస్తాడు? ఊళ్ళోకి వెళ్ళి తిరుగుతాడు. ఏదో ఒక వింత చూస్తాడు, లేదా వింటాడు. పరుగున వచ్చి "అయ్యగారూ, ఇదేమిటి, దీని వెనక కథేమిటి?" అని అడుగుతాడు. అప్పుడే కథ మొదలవుతుంది. కథ కావాలంటే ముందు కళ్ళు తెరుచుకుని చూడాలి. అడగదగినది ఏదైనా కనిపించకపోతే ఆ పూటకి కథ లేదు. కథ విన్నాక మర్నాటి నడకకు ఓపిక వస్తుంది. నడిస్తే కొత్త చోటు, కొత్త చోట కొత్త ప్రశ్న. కల్పన ఆ పిల్లవాణ్ణి దారి నుంచి పక్కకు లాగలేదు. కాశీ దాకా నడిపించింది. ఫాంటసీ చదివే పిల్లల గురించి బెంగపడే పెద్దవాళ్ళకి నేనిచ్చే జవాబు ఈ కుర్రాడే. వీరాస్వామయ్య దూరాల లెక్క ఎంత అవసరమో వాడి ప్రశ్నలూ అంతే అవసరం. నా బ్యాగులో రెండింటికీ చోటుండాలని నా ఆశ.

ఇప్పటిదాకా చెప్పింది ఒక వైపు. నా మొదటి ఒంటరి నడకలో ఈ పుస్తకాలు నాకు ఎంత మేలు చేశాయో, ఎక్కడ నన్ను తప్పుదారి పట్టించాయో కూడా చెప్పాలి.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. రెండు కొండ పల్లెల మధ్య 9 కిలోమీటర్ల కాలిబాట. 1892లో నైస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు చెప్పిన ఒక లెక్క ఇప్పటికీ కొండల్లో నడిచేవాళ్ళు వాడతారు. గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట కలుపుకోవాలి. నా దారిలో ఎక్కాల్సింది దాదాపు 600 మీటర్లే. రెండు గంటల యాభై నిమిషాలు వస్తుందని లెక్కేసుకుని మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరాను. అంత ఆలస్యంగా బయల్దేరడం పొరపాటు. రెండున్నరకి పొగమంచు కమ్మింది. పది అడుగుల అవతల ఏమీ కనిపించట్లేదు. అయినా నడుస్తూనే ఉన్నాను. మూడున్నరకి నడిమికి పగిలి రెండుగా నిలబడ్డ ఒక బండ పక్క నుంచి వెళ్ళాను. నాలుగుంపావుకి మళ్ళీ అదే బండ.

మాయ అడవిలో దారి తప్పినవాళ్ళు తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే రావడం కథల్లో ఎన్నిసార్లు చదివానో. అది మంత్రగత్తె పని అనుకునేదాన్ని. కాదు. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన యాన్ సౌమన్ బృందం 2009లో దీని మీద ఒక పరిశోధన ప్రచురించింది. జర్మనీలోని బీన్‌వాల్డ్ అడవిలోనూ, ట్యునీషియాలో సహారా ఎడారిలోనూ మనుషుల్ని తిన్నగా నడవమని చెప్పి, జీపీఎస్‌తో వాళ్ళ దారిని గమనించారు. సూర్యుడు కనిపించినంతసేపు వాళ్ళు దాదాపు తిన్నగా నడిచారు. మబ్బు పట్టిన రోజు అడవిలో నడిచినవాళ్ళు గుండ్రంగా తిరిగారు, తాము నడిచిన దారినే మళ్ళీ దాటుతున్నా గుర్తించలేదు. కళ్ళకు గంతలు కట్టి నడిపిస్తే, ఒక్కోసారి 20 మీటర్ల వెడల్పు కూడా లేని చిన్న వృత్తంలో తిరిగారు. ఆధారంగా పెట్టుకోవడానికి బయట ఏదీ కనిపించకపోతే మన 'తిన్నగా' అన్న భావన కొంచెం కొంచెంగా పక్కకు జరుగుతూ పోతుంది. ఇది నేను ఇంటికొచ్చాక చదివాను. చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అద్భుత కథలు చెప్పిన ముసలమ్మలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. కారణం తెలియక మంత్రమన్నారు గానీ, జరిగేది మాత్రం ఉన్నదున్నట్టు చెప్పారు.

ఆ బండని రెండోసారి చూసినప్పుడు నాకు టెన్షన్ వచ్చింది. గుండె గొంతులో కొట్టుకుంటోంది. పరిగెత్తాలనిపించింది. పరిగెత్తలేదు, కూర్చున్నాను. బ్యాగులోంచి నోట్‌బుక్ తీశాను. పన్నెండేళ్ళప్పుడు చేసిన పనే మళ్ళీ చేశాను. తెలిసినవి ఒక వైపు, తెలియనివి ప్రశ్నార్థకంతో మరో వైపు. నీళ్ళ చప్పుడు ఎడమ వైపు నుంచి వస్తోంది, అది తెలుసు. నేను వెళ్ళాల్సిన పల్లె వాగు ఒడ్డునే ఉందని పొద్దున ఎవరో చెప్పారు, అదీ తెలుసు. ఇది ఆ వాగేనా? ప్రశ్నార్థకం. చీకటి పడటానికి ఇంకా రెండు గంటలుంది. నీళ్ళు లీటరు ఉన్నాయి. రాస్తూ ఉండగానే చేతి వణుకు తగ్గింది. ముప్పై పేజీల ఓపిక నాకు నిజంగా అక్కరకొచ్చింది ఆ అరగంటే. నేను కదలకుండా ఒకచోట కూర్చున్నాను కాబట్టే ఒక మనిషి నన్ను కనిపెట్టగలిగాడు.

కిందనుంచి ఎవరో పిలుస్తున్న గొంతు వినిపించింది. నేనూ అరిచాను. పొగమంచులోంచి చేతిలో కర్రతో ఒక తాత వచ్చాడు. నన్ను చూసి ఏమీ అడగలేదు, "రామ్మా" అని వెనక్కి తిరిగి నడిచాడు. నలభై నిమిషాల్లో వాళ్ళ ఇంట్లో ఉన్నాను. గుమ్మంలోనే ఆయన భార్యతో చెప్పాడు: "దూడ దొరకలేదు. ఈ పిల్ల దొరికింది."

ఆ రాత్రి డైరీలో నాలుగు పేజీలు రాశాను. మంచులోంచి వచ్చిన వృద్ధుడు, మాట్లాడని మార్గదర్శి, చేతికర్ర, అన్నీ ఉన్నాయి. పొద్దున్నే బస్సెక్కి వచ్చేశాను. రెండేళ్ళ తర్వాత ఆ పేజీలు మళ్ళీ చదివినప్పుడు సిగ్గుతో ముఖం కందిపోయింది. వాటిలో ఆయన పేరు లేదు. నేను అడగలేదు. దూడ గురించి ఒక్క వాక్యం లేదు. చీకటి పడే వేళకి వెతుకులాట మానుకుని, ఎవరో తెలియని అమ్మాయిని కిందికి దింపడానికి ఆయన వెనక్కి తిరిగాడు. ఆ దూడ ఆ రాత్రి చలిలో ఎక్కడుందో, మర్నాడు దొరికిందో లేదో నాకు తెలీదు. నా కథలో నేను కథానాయికని, ఆయన దారి చూపే ముని. ఆయన రోజులో అసలు విషయం దూడ. నేను మధ్యలో వచ్చిన అడ్డంకిని.

ఫాంటసీ నన్ను తప్పుదారి పట్టించింది ఇక్కడే. ఎంతో మంచి నవలల్లో కూడా లోకమంతా ఒక్కరి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. దారిలో కలిసే ప్రతివాళ్ళూ ఆ ఒక్కరికి ఏదో ఇవ్వడానికే ఉంటారు. ఒకరు కత్తి ఇస్తారు, ఒకరు సలహా, ఒకరు పడవ. అలాంటివి వంద చదివాక కొత్త ఊరికి వెళ్తే, అక్కడి మనుషులు మన కథకి పాత్రల్లా కనిపించడం మొదలవుతుంది. ప్రయాణం చేసేవాళ్ళ రాతల్లో ఈ జబ్బు ఎంత ఉందో గమనిస్తే భయమేస్తుంది. 'నన్ను నేను కనుక్కున్నాను' అని రాస్తారు. వాళ్ళు కనుక్కున్నప్పుడు పక్కన పొలంలో పనిచేస్తున్న మనిషి గురించి మాత్రం రాయరు. నేనూ ఆ పనే చేశాను కాబట్టి ఇది ఇంత గట్టిగా చెప్తున్నాను.

పాత మ్యాపుల అంచుల్లో 'ఇక్కడ డ్రాగన్లు ఉంటాయి' అని రాసేవాళ్ళని అందరూ అంటారు. ఫాంటసీ అభిమానులకి చాలా ఇష్టమైన మాట ఇది. నిజానికి పాత మ్యాపుల్లో ఆ వాక్యం దాదాపు కనిపించదు. లాటిన్‌లో ఆ మాటలున్న ప్రసిద్ధమైన వస్తువు హంట్-లెనాక్స్ గ్లోబు. 1510 ప్రాంతంలో చేసిన చిన్న రాగి గోళం, అడ్డంగా కొలిస్తే దాదాపు 11 సెంటీమీటర్లు. ఇప్పుడు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది. ఆ మాటలు చెక్కింది ఆసియా ఆగ్నేయ తీరం దగ్గర. ఆ తీరంలో అప్పటికే వేల ఏళ్ళుగా మనుషులున్నారు. రేవులున్నాయి, రాజ్యాలున్నాయి, భాషలున్నాయి. పిల్లలు ఆ ఒడ్డునే ఆడుకుంటున్నారు. గోళం చెక్కినవాడికి తెలిసిన లోకం అక్కడితో అయిపోయింది, అంతే. ఒకరి మ్యాపు అంచు మీద ఇంకొకరి ఇల్లుంటుందని ఆ తాత గుమ్మంలో నిలబడి నేను నేర్చుకోవాల్సింది. రెండేళ్ళు ఆలస్యంగా నేర్చుకున్నాను.

అయితే పుస్తకాలు మానేయాలా? ఈ ప్రశ్న నన్ను చాలా కాలం వేధించింది. జవాబు ఒక మనిషి జీవితంలో దొరికింది.

ఫ్రెయా స్టార్క్ అనే బ్రిటిష్ యాత్రికురాలు 1893లో పుట్టింది. తొమ్మిదో పుట్టినరోజుకి ఎవరో ఆమెకి అరేబియన్ నైట్స్ పుస్తకం ఇచ్చారు. మాట్లాడే పక్షులు, భూతాలు, ఎగిరే గుర్రాలు ఉన్న ఫాంటసీయే అదీ. ఆ పిల్లకి తూర్పు దేశాల మీద మోజు అప్పుడే పుట్టింది. మోజు చాలామందికి పుడుతుంది. ఆమె తర్వాత చేసిందే అసలు సంగతి. అరబ్బీ నేర్చుకుంది. సంవత్సరాల తరబడి, కూర్చుని, వ్యాకరణంతో సహా. 1927లో గానీ మొదటిసారి బీరూట్‌కి ఓడ ఎక్కలేదు. అంటే పుస్తకానికీ ప్రయాణానికీ మధ్య పాతికేళ్ళు దాటిపోయాయి. తర్వాత పారశీకం కూడా నేర్చుకుని, 1930లో ఉత్తర ఇరాన్‌లోని అలమూత్ లోయకు వెళ్ళింది. అక్కడి కోటని హసన్ సబ్బా అనే మతనాయకుడు 1090లో చేజిక్కించుకున్నాడు. 1256లో మంగోలులు దాన్ని పడగొట్టారు. 'కొండమీది ముసలివాడు', అతని రహస్య స్వర్గవనం అంటూ మార్కో పోలో చెప్పిన కథ ఈ కోట గురించే. ఆమె కథ వెంట పడి వెళ్ళింది. వెళ్ళాక మాత్రం దిక్సూచి తీసి, కొండల పేర్లు అక్కడివాళ్ళని అడిగి, ఉన్న మ్యాపుల్లో తప్పులు దిద్దింది. ఆ పని చూసి లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ 1933లో ఆమెకు బహుమతి ఇచ్చింది. తన పుస్తకంలో తనతో నడిచినవాళ్ళని పేర్లతో, వాళ్ళ మాటలతో, వాళ్ళ పట్టింపులతో సహా రాసింది. ఆమె ఏ దూడనీ మర్చిపోయేది కాదనిపిస్తుంది నాకు.

కథ మీది ప్రేమ అక్కడి మనిషి భాష నేర్చుకునేదాకా వెళ్ళాలి. అలా వెళ్ళనిది ప్రేమ కాదు, ముచ్చట. ఈ విషయంలో నేను రాజీ పడలేను.

అలెగ్జాండ్రా డేవిడ్-నీల్ అనే ఫ్రెంచ్ యాత్రికురాలి గురించి కూడా ఒక మాట. చిన్నప్పుడు జూల్ వెర్న్ నవలలు చదివి ఆ నాయకుల్ని మించిపోవాలనుకున్న ఈమె, 1924లో 55 ఏళ్ళ వయసులో, తీర్థయాత్రికురాలి వేషంలో టిబెట్ రాజధాని లాసా చేరింది. టిబెటన్ భాష, బౌద్ధ గ్రంథాలు లోతుగా చదువుకున్న మనిషి. వందేళ్ళు బతికింది. ఆమె ఓర్పు తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ విదేశీయుల్ని రావద్దన్న ఊరికి మారువేషంలో వెళ్ళడం నాకు పూర్తిగా మింగుడు పడదు. రెండు భావాలూ నాలో పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాని కోసం ఇంకోదాన్ని వదులుకోను.

ఈ ఇద్దరూ ఆడవాళ్ళు కావడం కాకతాళీయం కాదు, నేనే వెతుక్కున్నాను. నేను చదివిన మొదటి పది ఫాంటసీ నవలల్లో ఇల్లు వదిలి వెళ్ళేది అబ్బాయిలే. అమ్మాయిలు గుమ్మంలో నిలబడి చెయ్యూపుతారు, లేదా ఎక్కడో కోటలో ఎదురుచూస్తారు. పదిహేనేళ్ళప్పుడు అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్‌ది 1971లో వచ్చిన నవల ఒకటి దొరికింది. అందులో ఒక అమ్మాయి భూమి కింద ఉన్న చిక్కుదారుల్ని, దీపం వెలిగించకూడని చీకట్లో, గోడలు తడుముతూ, మలుపులు లెక్కపెట్టుకుంటూ నేర్చుకుంటుంది. ఆ పేజీలు చదువుతున్నప్పుడు నా వేళ్ళు నిజంగానే దుప్పటి మీద కదిలాయి. దారి తెలుసుకోవడం నాక్కూడా చేతనవుతుందని ఎవరో మొదటిసారి చెప్పినట్టనిపించింది. 'ఆడపిల్లవి, ఒక్కదానివే ఎలా వెళ్తావు' అన్న ప్రశ్న ఇంట్లో వచ్చిన ప్రతిసారీ ఆ చీకటి గోడలు నాకు గుర్తొస్తాయి. ఆ ప్రశ్న అడిగేవాళ్ళ భయం ఉత్తది కాదు, అది నాకూ తెలుసు. అందుకే ఎక్కడున్నానో రోజుకి రెండుసార్లు చెప్తాను, చీకటి పడ్డాక కొత్త దారి తొక్కను, ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటకి ఏ కొండా ఎక్కను.

ప్రయాణమంటే డబ్బున్నవాళ్ళ సరదా అనేవాళ్ళకి ఒకటే చెప్తాను. కొండలే ఎక్కక్కర్లేదు. సిటీ బస్సులో ఎప్పుడూ దిగని స్టాపులో దిగి, ఫోన్ చూడకుండా ఇంటికి నడిచి రావడానికి ప్రయత్నించండి. నేను నెలకోసారి చేస్తాను.

ఫోన్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఇప్పుడు ఒక చోటికి వెళ్ళేలోపే దాని ఫొటోలు వందలు చూసేస్తున్నాం. ఏ మెట్టు మీద నిలబడితే సూర్యాస్తమయం బాగా వస్తుందో కూడా ముందే తెలుసు. అక్కడికి వెళ్ళి, ఫొటోలో ఉన్నది ఉందో లేదో సరిచూసుకుని వచ్చేస్తున్నాం. ఇలా ప్రయాణించే పిల్లలకి తెలియనితనం అంటే భయం పెరిగిపోతోందని నాకు దిగులు. మొదటి ముప్పై పేజీలు చింపేసి, కథ మొత్తం ముందే చెప్పేసినట్టుంటుంది. అందుకే ఫాంటసీ ఇప్పుడు ఇంకా ఎక్కువ అవసరం అంటాను. లేని ఊరికి ఫొటోలుండవు. ఆ ఊరిని మాటల వెంట తడుముకుంటూ కట్టుకోవాల్సిందే. ఆ కండరం ఇంకెక్కడా పెరగదు. నేను వెళ్ళబోయే చోటికి మ్యాపు చూస్తాను, వాతావరణం చూస్తాను, బస్సు టైమింగులు చూస్తాను, ప్రమాదాల గురించి చదువుతాను. ఫొటోలు మాత్రం చూడను.

వచ్చే ఏడాది జార్జియాలోని స్వానేతీకి వెళ్ళాలని అనుకుంటున్నాను. కాకసస్ పర్వతాల్లో మెస్తియా అనే చిన్న పట్నం నుంచి ఉష్గులీ అనే కొండ పల్లెకి నడుచుకుంటూ వెళ్తే నాలుగు రోజులు. 1996లో యునెస్కో జాబితాలో చేరిన ప్రాంతం. ఒక్క చాజాషీ అనే పల్లెలోనే మధ్యయుగాల నాటి బురుజు ఇళ్ళు, చర్చిలు, కోటలు కలిపి రెండువందలకు పైగా ఉన్నాయని చదివాను. డబ్బు సగం కూడబెట్టాను. ఈలోపు లిపి నేర్చుకుంటున్నాను. జార్జియన్‌కి 33 అక్షరాలు. మన తెలుగులాగే, ఇంగ్లీషులో ఉన్న పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న తేడా లేదు. గుండ్రటి అక్షరాలు, చూడగానే మన లిపికి దూరపు చుట్టాల్లా అనిపించాయి. 'క' లాంటి శబ్దాలే మూడు రకాలున్నాయి. వాటిలో రెండు గొంతు బిగబట్టి వదలాలి, అవి నాకింకా సరిగ్గా పలకట్లేదు. ఇరవై రెండు అక్షరాలు వచ్చాయి. మొదట నేర్చుకున్న వాక్యం 'మీ పేరేమిటి?'

నిన్న ఒక విషయం చదివాను. ఆ కొండల్లో పెద్దవాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది జార్జియన్ కాదట, స్వాన్ అనే వేరే భాష. దానికి చుట్టరికమే గానీ ఒకటి కాదు. రాయడానికి, చదువుకోవడానికి వాళ్ళు జార్జియన్‌నే వాడుకుంటారు. అంటే 33 అక్షరాలూ నేర్చుకుని వెళ్ళినా, నాలుగు రోజులు నడిచి ఏదో ఒక ఇంటి ముందు కూర్చున్నప్పుడు, ఇద్దరు ముసలివాళ్ళు పొయ్యి దగ్గర ఏదో మాట్లాడుకుంటుంటే నాకు ఒక్క ముక్క అర్థం కాదు. కొత్త నోట్‌బుక్ కొన్నాను. ఒక పేజీని నిలువుగా గీత గీసి రెండు చేశాను. కుడివైపు మొదటి వరుసలో 'స్వాన్' అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.